అక్యూట్ రెటినల్ నెక్రోసిస్ వల్ల రెటీనా ఊడింది, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందా?

అమ్మా, మీరు రాసిన దాంట్లో ముఖ్యమైన సంగతులు ఇవి. మీవారికి 43 ఏళ్ళు. ఆరు వారాల కిందట ఎడమ కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, చూపు మసకబారింది. అక్యూట్ రెటినల్ నెక్రోసిస్ (వైరస్ వల్ల కంటి వెనక ఉండే రెటీనా పొర చచ్చిపోయే జబ్బు) అని తేల్చి, వారం రోజులు నరంలోకి ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు ఎక్కించి, తర్వాత దాని మాత్రలు ఇచ్చారు. ఎరుపు తగ్గింది, నొప్పి పోయింది, గండం గడిచిందనుకున్నారు. ఇంతలో నాలుగు రోజుల నుంచి ఆ కంట్లో పైనుంచి నల్లటి తెర దిగుతోంది. రెటీనా ఊడిందని, విట్రెక్టమీ (కంటి మధ్యలోని జెల్లీని తీసే ఆపరేషన్) చేసి, రెటీనాని పట్టి ఉంచడానికి సిలికాన్ ఆయిల్ పెట్టాలని, ఒక్క ఆపరేషన్‌తో అవుతుందని మాట ఇవ్వలేమని డాక్టర్లు చెప్పారు. చూపు వస్తుందా, చేయించకపోతే ఏమవుతుంది, కుడి కన్నుకి కూడా వస్తుందా అన్నవి మీ ముఖ్యమైన ప్రశ్నలు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. ఆపరేషన్ చేయించండి, ఆలస్యం చేయకండి. ఊడిన రెటీనాని తిరిగి దాని చోట అతికించడం చాలా కళ్ళలో సాధ్యమవుతుంది, కాకపోతే ఒకటికి రెండు ఆపరేషన్లు పట్టవచ్చు. వైరస్ చంపేసిన రెటీనా మాత్రం ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. ఇంకా బతికి ఉన్న భాగాన్ని కాపాడుకోవడానికే ఈ ఆపరేషన్. చేయించకపోతే ఆ భాగం కూడా పోయి, కన్ను పూర్తిగా చీకటయ్యే అవకాశమే ఎక్కువ. ఇక కుడి కన్నుని కాపాడేది ఆపరేషన్ కాదు, మాత్రలు. ఆపరేషన్ హడావుడిలో అవి ఒక్క పూట కూడా మానకూడదు.

నేను రెటీనా సర్జన్‌ని. ఇరవై ఏళ్ళు దాటింది ఈ పనిలోకి వచ్చి. ఈ జబ్బు చాలా అరుదు. బ్రిటన్‌లో చేసిన లెక్కల ప్రకారం ఏడాదికి 16 నుంచి 20 లక్షల జనాభాకి ఒక్కరికి వస్తుంది. అందుకే మీకు తెలిసినవాళ్ళలో ఎవరూ దీని పేరు కూడా విని ఉండరు. మామూలు రెటీనా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ అనుభవాలు మీకు చాలానే వినబడతాయి. వాటితో మీవారి కంటిని పోల్చుకోకండి, ఇది వేరే రకం కన్ను. ఎందుకు వేరో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ డాక్టర్లు చెప్పిన ప్రతి మాటకీ కారణం అందులోనే ఉంది.

ఈ జబ్బుని మొదట వర్ణించింది జపాన్ వైద్యులు. 1971లో ఉరయామా, ఆయన సహచరులు ఆరుగురు రోగుల గురించి రాశారు. దీనికి కారణం హెర్పిస్ జాతి వైరస్ అని 1982లో తేలింది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోతుంది కదా, ఆ వైరస్ ఒంట్లోంచి పోదు, నాడుల మొదళ్ళలో దాక్కుని ఉంటుంది. కొందరిలో అది పెద్దయ్యాక సర్పిగా పైకి వస్తుంది. ఎక్కడో ఒకరిలో కంటి రెటీనాలో లేస్తుంది. పెదవుల మీద జ్వరపు పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ కూడా ఇదే పని చేయగలదు. వైరస్ చాలామంది ఒంట్లో ఉన్నా ఇంత కొద్దిమందికే ఈ జబ్బు ఎందుకొస్తుందో వైద్యం ఇంకా పూర్తిగా తేల్చలేదు. మీవారు చేసిన తప్పేమీ లేదు. ఫోన్ ఎక్కువ చూడటం వల్లా కాదు, ఎండ వల్లా కాదు. ఇంట్లోవాళ్ళకి ఆ కంటి నుంచి అంటుకుంటుందన్న భయం కూడా అక్కర్లేదు.

రెటీనా అంటే కంటి వెనక లోపలి గోడకి అతుక్కుని ఉండే పల్చటి పొర. మందం మిల్లీమీటరులో పావు వంతు ఉంటుంది, అంతే. ఈ వైరస్ దాని అంచుల్లో మొదలై, చుట్టూ వలయంలా పాకుతూ, లోపలికి వస్తుంది. పాకిన మేర రెటీనా చచ్చిపోతుంది. నెక్రోసిస్ అంటే అదే. రక్తనాళాలు కూడా మూసుకుపోతాయి. మందు పడ్డాక నాలుగైదు రోజుల్లో ఆ పాకుడు ఆగడం మొదలవుతుంది, పూర్తిగా సద్దుమణగడానికి నెల పైన పడుతుంది. మీరు ఊపిరి పీల్చుకున్నది ఆ సమయంలోనే.

అయితే జబ్బు చల్లారాక కంట్లో ఇంకో కథ నడుస్తుంది. చచ్చిన రెటీనా తడిసిన టిష్యూ కాగితంలా పల్చబడి, ఎక్కడికక్కడ చిల్లులు పడుతుంది. ఒకటీ రెండూ కాదు, జల్లెడలా. అదే సమయంలో కంటి మధ్యలో ఉండే విట్రియస్ అనే జెల్లీ వాపు వల్ల చిక్కబడి, పీచుల్లా గట్టిపడి, ముడుచుకుంటూ రెటీనాని లాగుతుంది. చిల్లులు ఉన్నాయి, లాగుడు ఉంది. చిల్లుల్లోంచి నీరు వెనక్కి దూరి, పొర గోడ నుంచి ఊడుతుంది. జబ్బు మొదలైన కొన్ని వారాల నుంచి కొన్ని నెలల లోపు ఇది జరుగుతుంది. వైద్యం సరిగ్గా జరిగిన కళ్ళలోనూ జరుగుతుంది. కాబట్టి మొదటి ఆసుపత్రిలో ఏదో పొరపాటు జరిగి ఉంటుందని మీరు రాసిన అనుమానం ఈ ఒక్క కారణంతో పెట్టుకోనక్కర్లేదు. మందు వైరస్‌ని ఆపుతుంది. పడిన చిల్లుల్ని పూడ్చడం దాని వల్ల కాదు.

మీవారికి తెర పైనుంచి దిగుతోందని రాశారు. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, తెర పైనుంచి దిగుతోందంటే ఊడింది రెటీనా కింది భాగం. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఆయిల్ గురించి చెప్పేటప్పుడు దీని అవసరం వస్తుంది.

చూపు ఎంత వస్తుందన్నది రెండు చోట్లు చెబుతాయి. ఒకటి మ్యాక్యులా, అంటే రెటీనా నడిమధ్య ఉండే చిన్న భాగం. చదవడం, ముఖాలు గుర్తుపట్టడం దానితోనే. అది ఇంకా అతుక్కుని ఉంటే ఆపరేషన్‌కి ఒక్క రోజు కూడా విలువైనదే. అది ఊడి ఉంటే, ఎన్ని రోజులైందన్నది లెక్కలోకి వస్తుంది. గోడ నుంచి ఊడిన రెటీనాకి వెనక నుంచి ఆక్సిజన్, పోషకాలు సరిగ్గా అందవు, రోజులు గడిచేకొద్దీ కణాలు చచ్చిపోతాయి. రెండోది దృష్టి నాడి. ఈ జబ్బు కొందరిలో ఆ నాడిని కూడా దెబ్బతీస్తుంది. రెటీనా కెమెరా అయితే నాడి దాని తీగ. తీగ తెగితే కెమెరా ఎంత బాగున్నా బొమ్మ మెదడుకి చేరదు.

ఈ తేడా నాకు ఒక పేషెంట్ నేర్పాడు. నేను ఈ పనిలోకి వచ్చిన తొలి రోజుల్లో ఒక ఉపాధ్యాయుడు ఇదే జబ్బుతో, పూర్తిగా ఊడిన రెటీనాతో వచ్చారు. మూడు గంటల ఆపరేషన్. మర్నాడు కట్టు విప్పి చూస్తే రెటీనా అంతా గోడకి అంటుకుని ఉంది. నేను సంతోషంగా "ఆపరేషన్ సక్సెస్ అండీ" అన్నాను. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. రెండు నెలల తర్వాత ఆయన నా ఎదురుగా కూర్చుని, "సార్, సక్సెస్ అన్నారు, మరి నాకెందుకు కనబడటం లేదు?" అని నెమ్మదిగా అడిగారు. నాడి పాలిపోయి ఉంది. అది నాకు ముందే తెలుసు. కానీ రెటీనా అతుక్కోవడం వేరు, చూపు రావడం వేరు అని ఆపరేషన్‌కి ముందు నేను ఆయనకి విడమర్చి చెప్పలేదు. ఆ రోజు నుంచి సక్సెస్ అనే మాట వాడటం మానేశాను. "రెటీనా అతుక్కుంది, చూపు సంగతి ఇంకా చూడాలి" అని రెండు ముక్కలుగా చెబుతాను. మీ డాక్టర్‌ని కూడా రెండూ విడివిడిగా అడగండి: అతుక్కునే అవకాశం ఎంత? అతుక్కుంటే ఎంత చూపు ఆశించవచ్చు?

ఆపరేషన్ ఎలా ఉంటుందో తెలిస్తే టెన్షన్ కొంత తగ్గుతుంది. కంటి తెల్లగుడ్డులో, నల్లగుడ్డు అంచు నుంచి సుమారు 4 మిల్లీమీటర్ల దూరంలో మూడు సన్నటి రంధ్రాలు చేస్తాం. ఒక్కోటి అర మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. ఒకదాంట్లోంచి నీరు వెళుతుంది, ఒకదాంట్లోంచి లైటు, మూడోదాంట్లోంచి జెల్లీని కత్తిరిస్తూ పీల్చే పరికరం. దీన్నే విట్రెక్టమీ అంటారు. 1970లో రాబర్ట్ మాకెమర్ మొదలుపెట్టిన ఈ పద్ధతి లేకపోతే ఇలాంటి కళ్ళకి చేయగలిగింది చాలా తక్కువ.

వినడానికి తేలికగా ఉంది కానీ, ఈ జబ్బు కంట్లో సర్జన్‌కి అసలు పరీక్ష జెల్లీని రెటీనా నుంచి విడదీయడం దగ్గరే. మీవారి వయసులో జెల్లీ రెటీనాని గట్టిగా పట్టుకుని ఉంటుంది. పైగా వాపు వచ్చిన కన్ను, పట్టు ఇంకా ఎక్కువ. కింద ఉన్న పొరేమో ముట్టుకుంటే చిరిగేలా ఉంటుంది. గోడకి అంటించిన పాత కాగితాన్ని సున్నం రాలకుండా ఊడదీసినట్టు, ఒక్కో అంగుళం కాదు, ఒక్కో మిల్లీమీటరు వెళ్ళాలి. తొందరపడితే బాగున్న రెటీనాలో కొత్త చిల్లు పడుతుంది. భయపడి వదిలేస్తే ఆ మిగిలిన జెల్లీయే రేపు ముడుచుకుని మళ్ళీ లాగుతుంది. కొన్ని చోట్ల చచ్చిన రెటీనా మీద జెల్లీ విడిపోనే విడిపోదు. అప్పుడు దాన్ని చుట్టూ వీలైనంత కురచగా కత్తిరించి, లాగుడు లేకుండా చేసి వదిలేయడమే మంచిది. ఎక్కడ ఆగాలన్నది పుస్తకంలో ఉండదు. అందుకే, వీలుంటే ఇలాంటి కళ్ళు ముందు చేసిన సర్జన్ దగ్గరే చేయించుకోమని చెబుతాను. ఆ డాక్టర్ మీ ఊళ్ళోనే ఉండాలని లేదు, అలాగని ఆ వెతుకులాటలో వారాలు పోగొట్టుకోవద్దు.

జెల్లీ పోయాక, రెటీనా మీద పేరుకున్న పొరలేమైనా ఉంటే ఒలుస్తాం. తర్వాత నీటికన్నా బరువైన ఒక ద్రవాన్ని లోపలికి పంపితే అది రెటీనాని గోడకి నొక్కి పడుతుంది, వెనక చేరిన నీరు చిల్లుల్లోంచి బయటికి వచ్చేస్తుంది. అప్పుడు లేజర్. బాగున్న రెటీనాకీ చచ్చిన రెటీనాకీ మధ్య సరిహద్దు వెంబడి, బాగున్న వైపు, చుట్టూ వరసలుగా లేజర్ చుక్కలు పెడతాం. అవి మచ్చలై గట్టిపడి, కుట్టు వేసినట్టు పొరని గోడకి పట్టి ఉంచుతాయి. అలా గట్టిపడడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. అందుకే రెటీనాని ఆ లోపు, ఆ తర్వాత కూడా, పట్టి ఉంచేది ఏదో కంట్లో ఉండాలి. ఆ పని చేసేదే సిలికాన్ ఆయిల్.

గ్యాస్ పెట్టవచ్చు కదా అని మీ బంధువు అడిగారని రాశారు. మామూలుగా ఒకటీ రెండు చిల్లులతో ఊడిన రెటీనాకి గ్యాస్ మంచిదే. రకాన్ని బట్టి రెండు వారాల నుంచి రెండు నెలల్లో అదే కరిగిపోతుంది, తీయడానికి ఇంకో ఆపరేషన్ అక్కర్లేదు. ఈ జబ్బులో చిల్లులు లెక్కపెట్టలేనన్ని, ముడత పొరలు మళ్ళీ పెరిగే స్వభావం ఎక్కువ. గ్యాస్ కరిగాక కన్ను ఏ ఆధారమూ లేకుండా మిగులుతుంది. అందుకే ఇలాంటి కళ్ళలో ఎక్కువమందిమి ఆయిల్ వైపే మొగ్గుతాం. గ్యాస్ ఉన్నవాళ్ళు అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు, ఆయిల్ ఉన్నవాళ్ళకి ఆ ఆంక్ష లేదు.

ఆయిల్‌కి ఒక బలహీనత ఉంది. అది నీటికన్నా తేలిక, పైకి తేలుతుంది. కూర్చున్నప్పుడు, నిలబడినప్పుడు కంటి పై భాగానికి బాగా ఆనుతుంది, కింది భాగానికి సరిగ్గా ఆనదు. మీవారికి ఊడింది కింది భాగమే. అందుకే కంటి బయట చుట్టూ సిలికాన్ బెల్టు కూడా వేస్తారా అని అడగండి. తెల్లగుడ్డు చుట్టూ ఉంగరంలా వేసే ఆ పట్టీ గోడని కాస్త లోపలికి నొక్కి, జెల్లీ లాగుడుని తగ్గించి, కింది భాగానికి ఆసరా ఇస్తుంది. అందరు సర్జన్లూ వేయరు, విట్రెక్టమీ బాగా చేస్తే అక్కర్లేదనే వాళ్ళూ ఉన్నారు. నా మటుకు నేను, కింది భాగం ఊడి, సహజమైన లెన్స్ ఇంకా ఉన్న కంట్లో వేయడానికే ఇష్టపడతాను. మీ డాక్టర్ వేయనంటే తప్పు అనుకోకండి, కారణం అడిగితే చెబుతారు.

బోర్లా పడుకోమనేది కూడా ఈ తేలే గుణం వల్లే. తల కిందికి దించితే ఆయిల్ కంటి వెనక గోడకి ఆనుతుంది. ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని గంటలు అన్నది చిల్లులు ఉన్న చోటుని బట్టి డాక్టర్ చెబుతారు. మెడ, నడుము నొప్పి పుడతాయి, మనిషి విసుక్కుంటాడు. గంటకోసారి పది నిమిషాలు లేచి తిరగవచ్చేమో ముందే అడిగి పెట్టుకోండి. బోర్లా పడుకోలేని వాళ్ళు బల్ల మీద దిండు పెట్టుకుని తల వాల్చి కూర్చున్నా చాలాసార్లు సరిపోతుంది. వెల్లకిలా పడుకోవడం మాత్రం వద్దు.

ఆపరేషన్ అయ్యాక మొదటి వారాల్లో చూపు చూసి దిగులుపడకండి. ఆయిల్‌లోంచి చూడటం నీళ్ళలోంచి చూసినట్టు ఉంటుంది. సహజమైన లెన్స్ ఉన్న కంట్లో ఆయిల్ నింపితే అద్దాల పవరు సుమారు ప్లస్ 5, ప్లస్ 6 వైపు జరుగుతుంది. అంటే అద్దాలు లేకుండా కొలిచిన చూపు అసలు చూపు కాదు. అద్దం పెట్టి కొలిచి చెప్పమనండి.

ఇంకో చిన్న విషయం, చాలామంది మరిచిపోయేది. ఆయిల్ ఉన్న కంట్లో శుక్లం రావడం దాదాపు ఖాయం. రేపు ఆ శుక్లం తీసి లెన్స్ పెట్టాలంటే కంటి పొడవు కొలవాలి. ఆయిల్‌లో ధ్వని నెమ్మదిగా వెళుతుంది కాబట్టి అల్ట్రాసౌండ్ కొలతలు తప్పుతాయి. మంచి కంటికి, వీలైతే ఈ కంటికి కూడా, ఆపరేషన్‌కి ముందే కొలతలు తీయించి కాగితం దాచుకోండి. రెటీనా ఊడి ఉన్న కంట్లో కొలత కచ్చితంగా రాకపోవచ్చు, అప్పుడు మంచి కంటి కొలతే ఆధారం.

ఇక ఒక్క ఆపరేషన్‌తో అవుతుందని మాట ఇవ్వలేమన్నారు కదా. అది తప్పించుకునే మాట కాదు, నిజాయితీ గల మాట. ఆయిల్ ఎలాగూ తీయాలి, అదొక ఆపరేషన్. శుక్లం ఒకటి. మధ్యలో రెటీనా మళ్ళీ ఊడితే ఇంకొకటి. ఆయిల్ ఎప్పుడు తీయాలన్నది నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసే ప్రశ్న. ఎక్కువ కాలం ఉంచితే అది చిన్న చిన్న బుడగలుగా విరిగి, కంటి ప్రెషర్ పెంచుతుంది, నల్లగుడ్డు మీద మచ్చ తెస్తుంది. తొందరపడి తీస్తే రెటీనా మళ్ళీ ఊడవచ్చు. మామూలు కేసుల్లో మూడు నుంచి ఆరు నెలలు అంటారు. చాలా ఏళ్ళ కిందట ఒక అమ్మాయికి, అంతా బాగుందని చూసి, సరిగ్గా మూడో నెలలో తీశాను. మూడు వారాలకి కింది భాగం ఊడింది. మళ్ళీ ఆయిల్ పెట్టాల్సి వచ్చింది, ఆ మధ్యలో చూపు కొంత పోయింది. ఇప్పుడు ఈ జబ్బులో ఆరు నెలలకి ముందు తీయడానికి నా చెయ్యి రాదు. తీసే ముందు అంచుల్లో మళ్ళీ లేజర్ కావాలా అని చూసుకుంటాను. కొన్ని కళ్ళలో ఆయిల్ ఎప్పటికీ ఉంచేయాల్సి వస్తుంది, ముఖ్యంగా కంటి ప్రెషర్ బాగా పడిపోయి, తీస్తే కన్ను కుంచించుకుపోతుందనిపించిన చోట. అది విఫలమైనట్టు కాదు.

మంచి జరిగిన కేసు కూడా చెప్పాలి. ఒక దర్జీ, మీవారి వయసే. ఆయనకీ కింది నుంచే ఊడింది, మ్యాక్యులాకి కాస్త ఇవతల ఆగింది. మర్నాడు ఉదయమే ఆపరేషన్ చేశాం. ఆ తర్వాత ఏడాదిన్నరలో మొత్తం మూడు ఆపరేషన్లు. రెండోదాని దగ్గర ఆయన అలిసిపోయి, "ఇంక చాలు సార్, ఒక కన్నుతో బతికేస్తా" అన్నారు. వాళ్ళావిడ పట్టుబట్టి తీసుకొచ్చింది. ఇప్పుడు అద్దాలతో ఆ కంటితో వార్తాపత్రిక చదువుతారు. పక్క చూపు తగ్గింది, మెట్లు దిగేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం మంచి కన్నే వాడతారు. అందరికీ ఇంత రాదు. మ్యాక్యులా అతుక్కుని ఉండగా వచ్చినవాళ్ళలో ఇలాంటివి చూశాను.

ఇప్పుడు కుడి కన్ను. నిజం చెప్పాలంటే మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ఇదే. ఎందుకంటే ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక మాత్రలు ఇంకా వాడాలా అని మీరే అడిగారు. వాడాలి. వైద్యం లేకపోతే రెండో కంటికి రావడం అరుదేమీ కాదు, సాధారణంగా మొదటి ఆరు వారాల్లో వస్తుంది. కానీ నెలల తర్వాత, ఏళ్ళ తర్వాత వచ్చినవాళ్ళూ ఉన్నారు. 1991లో వచ్చిన ఒక అధ్యయనంలో, రెండేళ్ళ దాకా రెండో కన్ను జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు, ఎసైక్లోవిర్ తీసుకున్నవారిలో సుమారు 75 శాతం, తీసుకోనివారిలో సుమారు 35 శాతం. మాత్ర చేసే తేడా అది.

నా దగ్గర ఆపరేషన్ చేయించుకున్న ఒకావిడ, "ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకా మాత్రలెందుకు" అని ఇంటికెళ్ళాక మానేసింది. ఎవరూ మానమని చెప్పలేదు, కొనసాగించమని గట్టిగా ఎవరూ చెప్పనూ లేదు. మూడు వారాలకి మంచి కంట్లో ఈగలు తిరుగుతున్నట్టుందని వచ్చింది. అదృష్టవశాత్తూ ఆ రోజే వచ్చింది, వెంటనే మందు మొదలుపెట్టి ఆ కంటిని నిలబెట్టుకోగలిగాం. అప్పటి నుంచి డిశ్చార్జ్ కాగితం మీద మాత్రల పేరు కింద ఎర్ర సిరాతో గీత గీసి, ఇంట్లో ఇంకొకరికి కూడా నోటితో చెప్పి పంపిస్తాను.

మాత్రలు ఎంతకాలం అన్నది మీ డాక్టర్ నిర్ణయిస్తారు. కనీసం ఆరు వారాల నుంచి మూడు నెలలు అన్నది మామూలు లెక్క, చాలామందిమి అంతకన్నా ఎక్కువే ఇస్తాం. వాలసైక్లోవిర్ అయినా ఎసైక్లోవిర్ అయినా మూత్రపిండాల మీద కన్నేసి ఉంచాలి. నీళ్ళు బాగా తాగించండి, రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో అడగండి. స్టెరాయిడ్ మాత్రలు కూడా ఇచ్చి ఉంటారు, అవి వాపుకి. వైరస్ మందు లేకుండా స్టెరాయిడ్ ఒక్కటే వాడటం ఈ జబ్బులో నిప్పు మీద నెయ్యి పోసినట్టు. కాబట్టి మందుల షాపులో ఒకటి దొరక్కపోతే, ఉన్నదాంతో సర్దుకోకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి. రోగనిరోధక శక్తికి సంబంధించిన పరీక్షలు, హెచ్‌ఐవీ సహా, చేయమంటే నొచ్చుకోకండి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళలో ఇదే జాతి వైరస్ ఇంకా వేగంగా రెటీనాని తినేసే రూపం ఒకటి ఉంది, దాన్ని తోసిపుచ్చాలి. తలనొప్పి తీవ్రంగా వచ్చినా, మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా కంటి డాక్టర్ దాకా ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, ఈ వైరస్ అరుదుగా మెదడుని కూడా తాకుతుంది.

ముందే లేజర్ చేసి ఉంటే ఊడేది కాదు కదా అని చివర్లో అడిగారు. ఈ విషయంలో రెటీనా సర్జన్లలోనే ఏకాభిప్రాయం లేదు. ముందుగా లేజర్ చేసిన కళ్ళలో తక్కువ ఊడాయని కొన్ని అధ్యయనాలు అంటాయి. కానీ లేజర్ చేయగలిగేది లోపల స్పష్టంగా కనబడే కళ్ళలోనే, అంటే జబ్బు తక్కువ ఉన్న కళ్ళలో. అవి ఎలాగూ ఊడేవి కావేమో. జెల్లీ మసకబారి లోపల కనబడని కంట్లో లేజర్ వేయడం కుదరదు. మీవారికి మొదట్లో లోపల ఏమీ కనబడలేదని రిపోర్టులో ఉందన్నారు కాబట్టి, ఆ బాధ మనసులోంచి తీసేయండి.

ఇక్కడ ఒక మాట, మీకు కాదు, ఇది చదివే మిగతావాళ్ళకి. రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్నవాళ్ళు ఈ ఆపరేషన్ మాకూ పనికొస్తుందా అని తరచూ అడుగుతారు. పనికిరాదు. అక్కడ రెటీనా ఊడదు, కణాలు జన్యువుల లోపం వల్ల నెమ్మదిగా పోతాయి. అతికించడానికి అక్కడ ఊడినది ఏదీ ఉండదు.

రేపు డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు అడగవలసినవి నేను పైన అక్కడక్కడా రాశాను, ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. అన్నిటికన్నా ముందు ఇది అడగండి: మ్యాక్యులా ఇంకా అతుక్కుని ఉందా, ఊడిందా? ఉంది అంటే, ఎల్లుండికి తేదీ ఇస్తే రేపటికి మార్చగలరేమో బతిమాలండి. ఊడింది అంటే కూడా వారాలు ఆగకూడదు, కానీ షుగర్, బీపీ సరిచూసుకుని, వాపు కాస్త తగ్గించి చేయడానికి ఒకటి రెండు రోజులు తీసుకుంటామంటే ఒప్పుకోండి.

ఆపరేషన్ అయ్యాక కట్టిన కంట్లో నొప్పి తీవ్రంగా ఉండి వాంతులొస్తే ప్రెషర్ పెరిగిందేమో చూడాలి, రాత్రయినా సరే వెళ్ళండి. ఇక మంచి కంటి సంగతి. రోజూ పొద్దున ఒకే చోట నిలబడి, ఎడమ కన్ను మూసుకుని, గోడ మీద క్యాలెండర్‌లో అదే అంకె చదవమనండి. అంకె మసకబారినా, కొత్తగా నల్ల చుక్కలు తేలినా, వెలుగు చూస్తే కన్ను నొప్పి పుట్టినా, ఎర్రబడినా, తర్వాతి అపాయింట్‌మెంట్ ఎప్పుడున్నా సరే, ఆ రోజే కంట్లో మందు వేయించి లోపలి దాకా చూపించండి. కనీసం మొదటి మూడు నెలలు ఈ అలవాటు మీరే గుర్తుచేస్తూ ఉండండి, ఆయన మరిచిపోతారు.